నా గొంతు చెల్లెలికి రాయలేదు

కాలిఫోర్నియా రాష్ట్రం వెస్ట్‌మిన్‌స్టర్‌లో కాపురముంటున్న ఖువాట్ థి న్యుంగ్ అనే నేను, వయసు డెబ్బై ఒకటి, ఒంట్లో ఓపిక తగ్గినా బుర్ర చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించిన వీలునామా ఇది. బుర్ర చెడిందని నా చెల్లెలు క్వియెన్ తప్పకుండా అంటుంది. అందుకే డాక్టరు చీటీ జతపరిచాను.

1. నా కుట్టుమిషను, కత్తెరలు నూడుల్స్ హోటలు నడిపే హియెన్‌కు చెందవలెను. నేను అక్కడ తినేటప్పుడు రేడియోలో ఆ పాట వస్తే, నా తిండి అయ్యేదాకా ఆమె రేడియో కట్టేసేది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

2. ఆ పాట సంగతి. 1993లో టెట్ అనే మా కొత్త సంవత్సరం పండుగ షో కోసం దాన్ని స్టూడియోలో పాడింది నేను. మా వియత్నాం షోలలో పాట ముందే రికార్డు చేస్తారు, వేదిక మీద పెదవులు కదిపితే చాలు. వీడియో తీసే రోజున నిర్మాత మాక్ దిన్ ఖాయ్ నన్ను పక్కకు పిలిచి, "అక్కా, నీ మొహం కెమెరాకు పనికిరాదు. క్వియెన్ పెదాలు కదుపుతుందిలే. గొంతు ఇంట్లోదేగా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. నాకని కుట్టుకున్న ఊదారంగు ఆవ్‌జాయ్, మా పండుగల పొడుగు అంగీ, క్వియెన్ తొడుక్కుంది. నడుం దగ్గర వదులైందని నాచేతే పిన్నులు పెట్టించుకుంది. "ఈ ఒక్కసారికే అక్కా" అంది.

ఆ క్యాసెట్టు సిడ్నీ నుంచి పారిస్ దాకా మావాళ్ల ప్రతి ఇంటికీ చేరింది. పేరు మాత్రం క్వియెన్‌కు వచ్చింది. ఆ ఏడే ఖాయ్‌ను పెళ్లాడింది, పెళ్లిలోనూ నా గొంతే వేశారు. తను బతికుండగా నోరెత్తవద్దని అమ్మ మాట తీసుకుంది. మింగలేక కక్కలేక ముప్పై ఏళ్లు వాళ్ల షోలకు బట్టలు కుట్టాను. నిరుడు అమ్మ పోయింది.

3. ఖాయ్‌కు నా గుండుసూదుల డబ్బా. గుచ్చుకున్నప్పుడల్లా నన్ను తలుచుకోవచ్చు.

4. స్టూడియో అసలు టేపు సౌండు చూసే లా వాన్ ద్యెప్ దగ్గర భద్రంగా ఉంది. పాటకు ముందు నేను దగ్గి, "ఆగు ద్యెప్, ఈ న్యుంగ్‌కు గొంతు పట్టేసింది, మళ్లీ మొదట్నుంచి పాడతా" అన్న మాటలు అందులో ఉన్నాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ద్యెప్‌దే. ఆనాడు నోరు మెదపనందుకు ఇదే ఆయనకు శిక్ష.

5. నా ఇల్లు క్వియెన్‌కే, ఒక షరతు మీద. నా శవపేటిక పక్కన మా ఆచారం ప్రకారం సంతాపపు తెల్ల తలకట్టుతో అది నిలబడగానే, వచ్చినవాళ్లు ఆ పాట పాడమంటారు. ఎవరూ వద్దనకూడదు. చేతికి మైకు ఇవ్వండి. టేపు వేయకండి. తనకు పాట రాదని, ఆ గొంతు అక్కదని అందరి ముందు చెప్తే ఇల్లు సర్వహక్కులతో దానిది. చెప్పకపోతే ఇల్లు పగోడాకు, టేపు రేడియోవాళ్లకు.

అది ఏడ్చి తప్పించుకోబోతుంది, నాకు తెలుసు. ద్యెప్, ఏడుపు అయ్యేదాకా ఆగు. మైకు మాత్రం వెనక్కి తీసుకోకు.

2024 మార్చి 9
(సంతకం) ఖువాట్ థి న్యుంగ్, పాట పాడిన మనిషి

సాక్షులు: ఉంగ్ థి సావ్ (పళ్ల డాక్టరు), తియెవ్ మిన్ త్రి (పక్కింటాయన)