వదినకి రుచి తెలియదు

మార్చి 6

మేడ మీద తోట మొదలైంది. తోట అనడం కొంచెం ఎక్కువే. ఆరు గ్రో బ్యాగులు, చెత్త కుళ్లబెట్టి ఎరువు చేయడానికి ఒక పాత ప్లాస్టిక్ డ్రమ్ము, ఒక చేతి పార, ఇంకా లేబుల్ తీయని గ్లవుజులు. టమాటా, బెండ, సొర గింజలు నాటాను. కింది వాటా నుంచి అన్నయ్య మెట్లెక్కి వచ్చి చూసి, నలభై ఏళ్లొచ్చాయి, పెళ్లి చేసుకోరా అంటే మట్టి పిసుక్కుంటున్నావా అన్నాడు.

వదిన మాత్రం ఒక్కో సంచి దగ్గర వంగి, ఇందులో ఏంటి, ఇందులో ఏంటి అని అడిగింది. మొదటి కాయ నాకే ఇవ్వాలి మరిదిగారూ అంది. సరేనన్నాను. ఆ మాట ఇవ్వడానికి నాకేం ఖర్చు?

మార్చి 19

బెండ రాలేదు. టమాటా వచ్చి వాలిపోయింది. సొర అసలు తలే ఎత్తలేదు. రోజూ మట్టి కెలికి చూస్తున్నాను. అలా కెలికితే మొలిచేది కూడా భయపడి లోపలే ఉండిపోతుంది బాబాయ్ అని పిచ్చుక అంది. పిచ్చుక అంటే అన్నయ్య కూతురు. కాలేజీలో చేరబోతోంది, ఇంకా మెట్లు రెండేసి చొప్పున దూకుతుంది.

మార్చి 27

డ్రమ్ము పక్కన, ఒలికిపోయిన చెత్తలోంచి ఒక తీగ తనంతట తనే మొలిచింది. ఆకు చూస్తే సొరలాగే ఉంది. ఎవరు తిని పారేసిన కాయ గింజో, ఏ జాతిదో. వేరు తెగకుండా తీసి, ఖాళీగా ఉన్న సొర సంచిలో పెట్టాను.

సాయంత్రం అన్నయ్య చూసి, పర్వాలేదే, నీ చేత్తో కూడా ఏదో మొలిచిందే అన్నాడు. అది నా చేత్తో మొలిచింది కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. టమాటా నారు మాత్రం నర్సరీ నుంచి కొనుక్కొచ్చి మళ్లీ నాటాను.

మే 11

పిందె పడింది! మగపువ్వు కోసి ఆడపువ్వుకు నేనే అద్దాను. ఫోటో తీసి షాపు గ్రూపులో పెట్టాను. మా కళ్లజోళ్ల షాపులో ఇవాళ అందరికీ అదే కబురు. కళ్లు టెస్ట్ చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడకి కూడా ఫోటో చూపించాను. ఆవిడ గడ్డం ఆనించే స్టాండు మీద గడ్డం పెట్టి ఉంది కాబట్టి ఎటూ పోలేకపోయింది.

మే 16

వదిన ఇవాళ కూడా బేకరీ నుంచి నీరసంగా వచ్చింది. పని ఎక్కువై కాదు, తక్కువై. పోయినేడాది జ్వరం వచ్చి తగ్గింది గానీ, నోట్లో రుచి మాత్రం తిరిగి రాలేదు. ఉప్పు, తీపి, కారం ఏదీ తెలియదు. అంతకుముందు ఓవెన్ దగ్గర ఆమెదే రాజ్యం. క్రీము వేలి చివర తీసుకుని నాలిక మీద పెట్టి ఇది ఇవాళ్టిది కాదు అని చెప్పేసేదట. ఇప్పుడు ఓనరు బయట కౌంటర్లో కూర్చోబెట్టాడు. డబ్బాలకు రిబ్బను కడుతుంది. రిబ్బను కట్టడానికి నాలిక అక్కర్లేదుగా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మే 28

కొత్త మెషిన్ ట్రైనింగ్ అని షాపువాళ్లు నాలుగు రోజులు వేరే ఊరు పంపారు. నీళ్లు పోయమని ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. వచ్చేసరికి తీగ వడిలి గోడకు అంటుకుపోయి ఉంది. బకెట్లకు బకెట్లు పోశాను. ఆకులు లేచాయి. కాయ బతికింది. అన్నయ్యకి చెప్పలేదు.

జూన్ 8, సాయంత్రం

కాయ కోశాను. మోచేతి పొడుగు కూడా లేదు గానీ నా కాయ. పిచ్చుక నాచేత కాయ ఎత్తి పట్టించి ఫోటో తీసింది. అన్నయ్య, రేపు కూర చేయండి, తిన్నాక మాట్లాడదాం అన్నాడు.

నా వాటాలోకి తెచ్చి, తొడిమ దగ్గర పల్చగా ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాను. చేదు. మామూలు చేదు కాదు, చెవుల దాకా పాకింది. ఉమ్మేసి, పుక్కిలించి, చెంచాడు పంచదార తిన్నా పోలేదు.

అది కూర చేస్తే అన్నయ్య బతికినన్నాళ్లూ చెప్పుకుని నవ్వుతాడు. షాపులో వాళ్లకీ తెలుస్తుంది. పారేస్తే కాయేదిరా అంటారు. కాసేపు అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

కిందికి వెళ్లి వదిన చేతిలో పెట్టాను. మొదటి కాయ నీకే అన్నాను కదా, కూర వద్దు, పొద్దున్నే జ్యూస్ చేసుకుని తాగు, ఒంటికి మంచిదట అన్నాను. వదిన మొహం వెలిగిపోయింది. మాట నిలబెట్టుకున్నావు అంది. అన్నయ్య, మాకు లేదన్నమాట అని మూతి తిప్పాడు.

వదినకి రుచి తెలియదు. అందుకే ఇచ్చాను. ఇక్కడైనా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

జూన్ 9, మధ్యాహ్నం

కింది లైను చదవమని ఒక ముసలాయనకి లెన్సు మారుస్తుంటే పిచ్చుక ఫోన్. అమ్మ రక్తం కక్కుకుంటోంది బాబాయ్ అని ఏడుపు. ఆయన్ని అలాగే కుర్చీలో వదిలేసి పరిగెత్తాను.

సాయంత్రం

ఐసీయూ. బీపీ పడిపోయింది. వదిన మాట్లాడే స్థితిలో లేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి ఏం తిన్నారు అని అడిగింది. అన్నయ్య పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయాడు, పిచ్చుక అప్పటికి లేవలేదు, ఇద్దరికీ రాత్రి సంగతే తెలుసు. రాత్రి పుట్టగొడుగుల ఆమ్లెట్ తిన్నది అని అన్నయ్య చెప్పాడు. అది పిచ్చుకే చేసిందట, మొదటిసారి, వాళ్లమ్మ ఒక్కదాని కోసం. డాక్టరమ్మ పుట్టగొడుగులు ఎక్కడ కొన్నారు, బాగా ఉడికాయా అని పిచ్చుకని అడిగింది. ఉడికాయనే అనుకున్నాను అని పిచ్చుక గోడకు ఆనుకుంది.

ఇంకేమైనా తిన్నారా అని డాక్టరమ్మ మా ముగ్గురినీ చూసింది. నాకు కాయ గుర్తొచ్చింది. సొరకాయ తింటే ఎవరికేమవుతుంది అనుకున్నాను. చేదుదని చెప్పాల్సి వస్తుందని కూడా అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

జూన్ 10

షాపులో కళ్లు టెస్ట్ చేసే చీకటి గదిలో కూర్చుని ఫోన్లో వెతికాను. చేదు సొరకాయ అని కొట్టగానే వచ్చింది. అది రుచి బాగాలేకపోవడం కాదు, విషం. తనంతట మొలిచిన తీగలకి, నీళ్లు అందక ఎండిన తీగలకి అలా కాస్తాయట. వాంతులు, రక్తం, బీపీ పడిపోవడం. నాలిక మీద చేదు తగిలితే వెంటనే ఉమ్మేయాలి అని రాసి ఉంది.

నేను ఉమ్మేశాను. వదినకి తగలదని తెలిసే ఇచ్చాను.

సాయంత్రం కింది వాటా తాళం తీసి ఫ్రిజ్ చూశాను. సగం కాయ కవరులో చుట్టి ఉంది. ఇంకెవరైనా తింటారేమోనని తీసేశాను. అది నిజం. ఎవరైనా చూస్తారేమోనని కూడా తీసేశాను. అదీ నిజం. మేడ మీద మట్టిలో లోతుగా పాతిపెట్టాను, దొంగలాగా అటూ ఇటూ చూస్తూ.

అక్కణ్ణించే ఆస్పత్రికి ఫోన్ చేశాను. పేరు చెప్పకుండా, ఐసీయూలో ఉన్నామె చేదు సొరకాయ జ్యూస్ తాగింది అన్నాను. మీరెవరు అని నర్సు అడిగింది. పెట్టేశాను. ఆ పాటి మనిషిని నేను.

జూన్ 11

వదినని వార్డుకి మార్చారు. గండం గడిచింది. ఏ జ్యూసో ఏదో అని ఎవరో ఫోన్ చేశారని డాక్టరమ్మ అడిగితే, అన్నయ్య ఎవరో ఆకతాయి అయ్యుంటారు, జ్యూస్ అయితే మా తమ్ముడు పెంచిన కాయదే, మా ఆవిడకి పడనిది పుట్టగొడుగులే అన్నాడట. అంత నమ్మకం అతనికి నా మీద.

నేను మంచం పక్కన కూర్చోగానే వదిన నా చెయ్యి పట్టుకుంది. గొంతు లేదు, గుసగుసగా చెప్పింది. నీ సొరకాయ జ్యూస్ తాగుతుంటే నాలిక మీద ఏదో తగిలింది, ఏదో రుచి, ఏంటో పోల్చుకోలేకపోయాను గానీ తగిలింది అంది. ఏడాదికి మొదటిసారి! ఎక్కడ పోతుందోనని నిదానంగా చప్పరిస్తూ తాగాను, గ్లాసు అయిపోతే ఇంకో గ్లాసు పోసుకున్నాను అంది. ఆ పాడు ఆమ్లెట్ లేకపోతే ఆ రోజు ఎంత బాగుండేదో అంది.

నర్సు దగ్గర ఫోన్ అడిగి తీసుకుని వదిన అప్పటికే బేకరీ ఓనరుకి చెప్పేసిందట, నాకు రుచి తిరిగొస్తోంది, మళ్లీ ఓవెన్ దగ్గరికి వస్తాను, ఆ చోటు ఎవరికీ ఇవ్వొద్దని.

బాత్రూంలోకి వెళ్లి పంపు తిప్పి నిలబడ్డాను.

జూన్ 12

ఇవాళ కూడా చెప్పలేదు.

జూన్ 13

తీగ పీకేశాను. పీకితే చెప్పినట్టు కాదు.

పిచ్చుక మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైకి వచ్చింది. ఇక జన్మలో స్టవ్ ముట్టుకోను బాబాయ్ అంది. అన్నయ్య కోపంలో వంటింట్లో అడుగు పెట్టొద్దన్నాడట. అన్నం తినడం లేదని కళ్ల కింద చూస్తేనే తెలుస్తోంది. నీ తప్పు కాదే అన్నాను. నా తప్పు కాకపోతే మరెవరిది అని అడిగింది. ఊరికే అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. నేను టమాటా మొక్కకి పుల్ల కడుతూ కూర్చున్నాను.

జూన్ 14

వదిన ఇంటికి వచ్చింది. నలుగురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. వదినకి గంజి. పిచ్చుక వంటింటి గుమ్మం దాటకుండా నీళ్లు అందిస్తోంది. అది చూశాక నావల్ల కాలేదు.

చెప్పేశాను. తీగ నేను నాటింది కాదని మొదలుపెట్టాను, అక్కణ్ణించి మొదలుపెట్టకపోతే మధ్యలో ఆగిపోతానని. కాయ విషమని చెప్పాను. ఆమ్లెట్ కాదని చెప్పాను. ఫ్రిజ్‌లోంచి తీసి పాతిపెట్టానని, ఆ ఫోన్ చేసింది నేనేనని చెప్పాను. వదినా, నీకు తగిలింది ఆ చేదే అని చెప్పాను. అది చెప్పేటప్పుడు గంజి గిన్నె వైపు చూశాను.

అన్నయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. మళ్లీ కూర్చున్నాడు. పిచ్చుక, ఇన్ని రోజులు నన్ను చూస్తూనే ఉన్నావు కదా బాబాయ్ అంది.

వదిన గంజి గిన్నె పక్కకు జరిపింది. తర్వాత ఒక్కటే అడిగింది. నువ్వు ముందే రుచి చూశావా అని. చూశానన్నాను. ఉమ్మేశావా అంది. ఉమ్మేశానన్నాను.

నేను రెండో గ్లాసు పోసుకున్నాను అంది. కోప్పడలేదు. నాకేదో లెక్క అప్పజెప్పినట్టు చెప్పి, లేచి, పిచ్చుక భుజం మీద చెయ్యి వేసి వంటింట్లోకి తీసుకెళ్లింది.

జూన్ 15

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాను. నా మొహం చూసి, ఇప్పుడా అంది. చేదు తెలిసిందంటే మిగతా రుచులు కూడా వస్తాయా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు అంది.

జూన్ 18

అన్నయ్య మాట్లాడటం లేదు. కిందినుంచి వదిన గొంతు వినబడింది, బేకరీ ఓనరుతో ఫోన్లో. ఇప్పుడే కాదులెండి సార్, కౌంటర్లోనే ఉంటాను అంటోంది.

జూన్ 20

గ్రో బ్యాగులన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామని పొద్దున్నే పైకి వెళ్లాను. మట్టి అప్పటికే తడిగా ఉంది. మెట్ల మీద పిచ్చుక బకెట్ కనబడింది. ఇవ్వలేదు.

జూలై 2

వదిన మేడ మీదికి వచ్చింది. పండిన టమాటా ఒకటి కోసి, చేత్తో రెండుగా చీల్చి, సగం నాకిచ్చి, తిను అంది. తిన్నాను. ఎలా ఉంది అంది. బాగుందన్నాను. బాగుందంటే నాకేం తెలుస్తుంది, సరిగ్గా చెప్పు అంది. తొక్క మందంగా ఉంది, ముందు పులుపు, గింజల దగ్గర కాస్త తీపి, చేదు లేదు అన్నాను.

నేను మింగేదాకా చూసింది. అప్పుడు తన సగం తింది.