వేపచెట్టు ఎదిగిందక్కా

సత్యవేణక్కా,

నువ్వు పోయి ఇవాల్టికి నాలుగేళ్లు. మన పార్కు సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

మనం గల్ఫ్‌లో ఈ బనియాస్ వచ్చిన కొత్తలో అదంతా ఇసుకే. తర్వాత గడ్డి పరిచారు, ఉయ్యాలలు కట్టారు, వేపమొక్కలు నాటారు. కరోనాలో ఉయ్యాలలకు టేపు చుట్టి, మళ్లీ విప్పారు. పిల్లల్ని ఆడించే వంకతో మనం గడప దాటగలిగింది అక్కడికే. ఇంకో ఇంటి పనిమనిషితో మాట్లాడితే మా మేడమ్ ఊరుకునేది కాదు. బాల్కనీలో నిలబడి చూసేది. అందుకే ఒకే బెంచీ మీద చెరో వైపు తిరిగి మాట్లాడుకునేవాళ్లం. పక్కనున్న వేపమొక్కకి నువ్వు తాగే నీళ్లు పోసేదానివి.

"ఇది ఎదిగితే మీ మేడమ్‌కి మనం అగుపించమే. అప్పుడు ఎదురెదురుగా కూకుని కబుర్లాడుకుందాం," అనేదానివి.

ఎదిగిందక్కా. మా రెండో అంతస్తు దాకా వచ్చింది. మొన్న ఈ ఇంటి చంటిదాన్నెత్తుకుని పార్కుకి బయల్దేరుతుంటే మేడమ్ తలుపు దగ్గర ఆపేసింది.

"ఖలాస్, ఇక పార్కు బంద్. ఆ చెట్టు వెనకాల నువ్వు నాకు కనిపించవు," అంది.

ఇప్పుడు చంటిదాన్ని బాల్కనీలోనే ఆడిస్తున్నాను. మేడమ్ చెప్పింది నిజమే. ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నారో ఇక్కణ్ణుంచి కనిపించడం లేదక్కా.