పడమటి దడి

ఆసుపత్రి,
ఫిబ్రవరి 1958

ప్రియమైన నీలావతికి, రామాంజులు ఆశీస్సులతో రాస్తున్నది.

సాయంత్రాలు జ్వరం రావడం తగ్గింది. దగ్గు ఉంది గానీ నెత్తురు పడటం లేదు. నిన్న డాక్టరు నా ఎక్స్‌రే కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. వేసవి దాటాక ఇంటికి పోవచ్చన్నాడు. అయితే గదిలో పడుకోకూడదట. గాలీ వెలుతురూ బాగా తగిలే చోట, పాపకూ మిగతావాళ్ళకూ దూరంగా పడక ఉండాలట.

"అట్లాంటి చోటు ఇంట్లో ఉందా?" అని అడిగాడు. "లేకపోతే కడతా సార్, నా పనే అది" అన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, కట్టాల్సిన చేతులు ఇక్కడ దుప్పటి కింద ఉన్నాయని.

అందుకని నువ్వే చేయించాలి. మన పెరట్లో చెక్కలతో మంచె వేయించు. చేని కాపలా మంచె అంత ఎత్తు వద్దు, మోకాలెత్తు చాలు. మన నేల పొద్దు కుంకినా సెగలు కక్కుతూనే ఉంటుంది, తేళ్ళ భయం ఒకటి. పలకకూ పలకకూ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు ఉండాలి. బిగించి వేస్తే మొదటి వానకే ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి. పచ్చి చెక్క ముట్టుకోవద్దు, ఎండకు మెలి తిరుగుతుంది. పైన పందిరికి బద్దలు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఉత్తరం నుంచి దక్షిణానికి వేయించు. పొద్దుటెండా సాయంత్రపుటెండా రెండూ ఆగుతాయి. మధ్యాహ్నం పైన ఈతచాప పరిస్తే చాలు. చుట్టూ దడి కావాలి. మేకలు రాకూడదు, మనుషులు తొంగిచూడకూడదు.

హిందూపురం ఈశ్వరప్పకు కబురు పెట్టు. నాతో ఏళ్ళ తరబడి రంపం పట్టినవాడు. అన్నతో చెప్పు. గంగాధరప్ప అన్న నా మాట ఏనాడూ తీసెయ్యలేదు.

పుష్పను ముద్దాడానని చెప్పు. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు.

నీ,
రామాంజులు


పెనుకొండ,
మార్చి 1958

పుష్ప నాయనకు, నీలావతి నమస్కరించి రాసేది.

మీ జాబు రెండు మూడుసార్లు చదివాను. కొలతలన్నీ మనసులో పెట్టుకున్నాను. బావగారితో చెప్పాను. "చూద్దాంలేమ్మా, వాడు రానీ ముందు" అన్నారు. కాదనలేదు.

పుష్పను ధర్మవరంలో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. అమ్మ పట్టు దారం కండెలకు చుడుతుంటే పక్కన కూర్చుని రాట్నం చక్రం ఆపుతూ తిట్లు తింటోంది. నేను బయలుదేరుతుంటే "నాయన రైలెక్కినాడా?" అని అడిగింది. ఎక్కలేదు, ఇంకా టిక్కెట్టు ఇయ్యలేదని చెప్పాను.

ఇక్కడ మీ వదిన నా కంచం వేరే పెట్టింది. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, అయినా పెరటి గడప మీదే భోజనం. అది పెద్ద విషయం కాదు, మీరు దిగులు పడొద్దు. ఈశ్వరప్ప ఆదివారం వచ్చి పెరడు కొలుచుకుని పోయాడు. పాత ఇల్లు ఒకటి పడగొట్టించిన చోట ఎండిన దూలాలు ఉన్నాయట, అవి తెస్తానన్నాడు.

మందు మానకండి. పాలు తాగండి.

మీ పాదాల దగ్గర,
నీలావతి


మే 1958

పుష్ప నాయనకు, నీలావతి నమస్కారాలు.

జాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకండి. పనిలో పడ్డాను. మంచె లేచింది. మీరు చెప్పినట్టే మోకాలెత్తు. పందిరి గుంజలు నాటాము. ఎండ ఎట్లా ఉందంటే సుత్తి పిడి పట్టుకోవడానికి చేతికి గుడ్డ చుట్టుకోవాల్సి వస్తోంది. పడమటి గాలి నేరుగా వచ్చి మంచె మీద పడుతోందని దడి ముందుగా ఆ వైపే వేశాము. వెదురు బద్దలు కిత్తనార తాళ్ళతో కట్టాము. తాడు లాగి లాగి నా అరచేతులు మీ అరచేతుల్లాగే అయినాయి.

ఇకమీదట జాబులు ఈశ్వరప్ప పేరు మీద హిందూపురానికి రాయండి. ఇంటికి రాస్తే పోస్టు జవాను బావగారి చేతికిస్తున్నాడు, అవి నాకు ఆలస్యంగా అందుతున్నాయి. అంతే, మరేమీ లేదు.

పుష్ప బాగుంది.

మీ,
నీలావతి


ఆసుపత్రి,
జూన్ 1958

నీలావతికి,

ప్రియమైన అని రాయబోయి కలం ఆపుకున్నాను. ముందు నాకొక సంగతి చెప్పు.

మన పెరటికి పడమర అన్న గది గోడ ఉంది. నా కంటే ఎత్తు గోడ. దాన్ని దాటి పడమటి గాలి నేరుగా మంచె మీద ఎట్లా పడుతుంది? అక్కడ దడి ఎందుకు? ఆ ముక్క చదివిన రోజు నుంచీ నాకు తిండి సయించడం లేదు. నేను ఆ పెరట్లో పుట్టి పెరిగినవాణ్ణి.

మొన్న పెనుకొండ నుంచి ఒకాయన పక్క మంచం మనిషిని చూడటానికి వచ్చాడు. నేను ఎవరినో తెలిశాక నా ముఖం కేసి చూడకుండా, "మీ యింట్లో ఆయమ్మ లేదు కదప్పా. శానా దినాలాయె. ఈశ్వరప్ప బండిలో పోయిందంటాండారు" అన్నాడు. వార్డులో అందరూ విన్నారు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

జాబులు కూడా అతని పేరుకే రాయమన్నావు. రాస్తున్నాను. ఇది అతని చేతికే వస్తుంది కాబట్టి అతనూ చదువుకోవచ్చు.

రోగిష్టి మొగుడి కోసం ఎవరూ కాచుకుని కూర్చోరని ఇక్కడి వాళ్ళు అంటుంటే నేను వాళ్ళతో పోట్లాడేవాణ్ణి. ఇప్పుడు పోట్లాడటానికి ఊపిరి చాలడం లేదు.

డాక్టరు వచ్చే శుక్రవారం పంపుతానన్నాడు. చోటు సిద్ధంగా ఉందని నేనే చెప్పాను, నీ మాట నమ్మి. కదిరి మీదుగా ధర్మవరం వచ్చి, బండి మారి పెనుకొండలో దిగుతాను. నా కళ్ళతో నేనే చూసుకుంటాను.

రామాంజులు


పరిగి,
జూన్ 1958

పుష్ప నాయనకు, మీ నీలావతి రాసేది.

మీరు పెనుకొండలో దిగవద్దు. ముందు ఈ మాట చదవండి, మిగతాది తర్వాత. హిందూపురం దాకా రండి.

మన పెరట్లో ఏమీ లేదు. ఈశ్వరప్ప దూలాలు దింపిన రోజు బావగారు వాటిని వీధిలోకి లాగించారు. "పెరట్లో క్షయ రోగిని పండుకోబెడితే నా బిడ్డకు సంబంధాలు వస్తాయా? వాడు ఆడనే ఉండనీ. నువ్వు మీ యమ్మకాడికి పో" అన్నారు. మీ వదిన నా పెట్టె తెచ్చి గడప బయట పెట్టింది. దూలాలతో పాటే నన్నూ ఈశ్వరప్ప బండిలో ఎక్కించుకున్నాడు. ఊరంతా చూసింది. చూసింది నిజమే, చెప్పుకున్నది అబద్ధం.

అమ్మ ఇంటికి పోదామంటే అక్కడ మగ్గాల వీధి, గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. పైగా పుష్ప ఉంది. అప్పుడు పరిగిలో అమ్మకు మేనత్త వెంకటక్క గుర్తొచ్చింది. ఒంటి మనిషి, ఊరి బయట చేనూ బావీ ఉన్నాయి. అంతా విని, "దగ్గొస్తే మనిషి మనిషి కాకుండా పోతాడా? నా చేన్లో కట్టుకో పో, ఎవడడ్డమొస్తాడో చూస్తా" అంది.

గుంతలు తవ్వి గుంజలు నాటడానికి ఈశ్వరప్ప వచ్చినప్పుడల్లా భార్య కౌసల్యమ్మను కూడా తీసుకొచ్చాడు. జనం నోటికి భయపడి ఆమే అట్లా ఏర్పాటు చేసింది. మిగతా పని నేనూ వెంకటక్కా చేశాము. ఇక్కడ పడమరన గోడ లేదు, చెట్టు లేదు. మట్టి రేపుకుంటూ వస్తుంది గాలి. ఆషాఢం మొదలవుతూనే పందిరిని ఊడబెరికి పక్క చేన్లో పడేసింది. ఆ రోజు నేను చేని గట్టు మీద కూలబడిపోయాను. వెంకటక్క, "ఏడ్చేది తర్వాత ఏడ్చు, తాడు పట్టు" అంది. ఈసారి గుంజలకు బదులు రాతి కూసాలు నాటించాము.

మీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, అన్న కాదన్నాడని తెలిస్తే మీ జ్వరం తిరగబెడుతుందని. అన్న మాట ఎత్తకుండా మీరు ఒక్క జాబూ రాయలేదు. ఆ నమ్మకం నా చేత్తో తుడిచెయ్యలేకపోయాను.

మీ జాబు ఈశ్వరప్ప విప్పలేదు. అట్లాగే తెచ్చి ఇచ్చాడు. చదివి నేను ఏడవలేదని రాయాలనుంది. అబద్ధాలు చాలించాను కాబట్టి రాయను.

ఇది మీకు శుక్రవారం లోపల అందుతుందో లేదో. అందకపోతే మీరు పెనుకొండలో దిగి ఆ గడప ముందు నిలబడతారు. నేను నిలబడిన చోటే. అది తలుచుకుంటే కాళ్ళు ఆగడం లేదు. రేపే ధర్మవరం పోతాను. శుక్రవారం వచ్చే ప్రతి బండికీ ప్లాట్‌ఫారం మీద ఉంటాను.

మీ,
నీలావతి


పరిగి, వెంకటక్క చేను,
జూలై 1958

ప్రియమైన నీలావతికి, రామాంజులు రాస్తున్నది. ఇది ధర్మవరం మీ అమ్మగారింటికి పంపుతున్నాను.

ప్లాట్‌ఫారం మీద నిలబడి నిలబడి అమ్మ ఇంటికే తిరిగిపోయి ఉంటావు. మంచాలు చాలక నన్ను గురువారమే పంపేశారు. నువ్వు ధర్మవరం చేరే సరికి నేను పెనుకొండలో ఉన్నాను. నువ్వు నాకు జాబు రాశావని వెంకటక్క చెప్పింది. అది నాకు అందలేదు.

అన్న తలుపు సగం తెరిచాడు. వదిన చెంబు ఎత్తి పట్టుకుని నా దోసిట్లో నీళ్ళు పోసింది, చెంబు నాకు తగలకుండా. "నీలావతి యాడన్నా?" అన్నాను. "నాకేం తెలుసురా? ఈశ్వరప్పనడుగు" అన్నాడు. పెరట్లో ఏమీ లేదని సందులోంచే కనిపించింది. నన్ను లోపలికి రమ్మంటాడేమోనని నిలబడ్డాను. "నీకు ఆసుపత్రే మేలు రా" అని తలుపు వేసేశాడు. నిన్ను ఇంట్లోంచి ఎవరు పంపారో అప్పుడు తెలిసింది. యాడికి పోయావో మాత్రం తెలియలేదు. ఈశ్వరప్ప ఇంట్లోనే కనబడతావన్నదానికి సిద్ధపడే హిందూపురం బండి ఎక్కాను.

ఈశ్వరప్ప ఇంటి ముందు నేను కేకలు వేశాను. ఏమన్నానో రాయను, కౌసల్యమ్మ చెబుతుంది, చెప్పనీ. అతను చొక్కా వేసుకుని, "అరిసింది సాలు, దగ్గొస్తాది. బస్సుకు పోదాం పా" అని నా సంచి భుజాన వేసుకున్నాడు. నా సంచి ముట్టుకోవడానికి ఇన్నాళ్ళలో ఎవరూ ముందుకు రాలేదు.

బస్సు దిగి చేని బాటలో వస్తుంటే ముందు దడి కనిపించింది. పడమటి దడి. దాని పైన పందిరి. దూరం నుంచే తెలిసింది, బద్దలు అంచు మీద నిలబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్నాయి. అక్కడే బాటలో కూర్చుండిపోయాను. ఆయాసం వచ్చిందనుకుని ఈశ్వరప్ప నీళ్ళ కోసం పరుగెత్తాడు. ఆయాసం కాదు.

ఇక్కడికి వచ్చి ఇది నాలుగో రోజు. మంచె మీద పడుకుంటే కింది నుంచి కూడా గాలి వస్తోంది. హిందూపురం డాక్టరు చూసి, కళ్ళెలో క్షయ పురుగు లేదు, మందు మానకుంటే భయం లేదన్నాడు. పుష్ప దడి అవతల వెంకటక్క గుడిసెలో పడుకోవచ్చు, పగలు ఇవతలికి రావచ్చు అన్నాడు. అందుకే బిడ్డను వెంట తీసుకుని రా. టిక్కెట్టు ఇచ్చినారని చెప్పు.

అన్న నిన్న మనిషిని పంపాడు, ఊళ్ళో జనం తనను మాటలంటున్నారట, వచ్చి వసారాలో ఉండమన్నాడు. రానని చెప్పించాను. కోపంతో కాదు. ఇక్కడ నాకు ఇల్లు ఉంది కాబట్టి.

నీ పని అంతా తడిమి చూశాను. మేకులు కొన్ని వంకరగా దిగాయి. ఒకచోట సుత్తి జారి చెక్క మీద గుంట పడింది, పక్కనే ఎండిన నెత్తురు మరక కూడా ఉంది. నేను వడ్రంగిని, వంకర మేకు కనబడితే చెయ్యి ఊరుకోదు. పొద్దున సుత్తి తీసుకుని కూర్చున్నాను కూడా. ఒక్క మేకూ పీకలేదు.

త్వరగా రా.

నీ,
రామాంజులు