చార్టులో ఉన్నంతే

మే 4
ఇంగ్లీషు పరీక్ష ఆన్‌లైన్ క్లాసు సారు నా పేపరు మళ్లీ తిప్పి పంపారు. ఒక పట్నంలో నెలనెలా నీళ్ల వాడకం — బార్ చార్టు. ఏ నెల ఎంతో రాస్తే చాలు. నేనేమో ఎండలకు బోర్లు ఎండినందువల్ల మే నెల బార్ పొట్టిగా ఉందని రాసిపెట్టా. కింద ఎర్ర అక్షరాలు: "చార్టులో బోర్లు ఎక్కడున్నాయమ్మా?"

మే 6
ఈ అలవాటు పోయేలా లేదు. మా కొనకనమిట్ల వైపు సంగతి చెబితే సరిపోదు, ఎందుకో కూడా చెప్పాలి. కంది పండలేదంటే — వాన పడలేదనో, పురుగు తిన్నదనో, ఫలానా దుకాణమోడి విత్తనాలు దొంగవనో. ఉత్తగా "పండలేదు" అని ఊరుకుంటే పొగరనుకుంటారు. నేను నర్సుగా చేసే వార్డులోనూ అంతే. జ్వరం ఎప్పటినుంచి అని అడిగితే పొదిలి పెళ్లిలో తిన్న బిర్యానీ దగ్గర మొదలుపెడతారు.

మే 9
పోయినసారి రైటింగ్‌లో అర మార్కు తగ్గింది. ఐర్లండ్ హాస్పిటల్ వాళ్లు ఇంకొక్కసారి రాయమన్నారు. ఇదీ పోతే ఆ నర్సు ఉద్యోగం వేరేవాళ్లకు. భయంగా ఉంది.

మే 13
మార్కాపురం నుంచి ఇంటికి బస్సులో ప్రాక్టీసు, కిటికీలోంచి కనబడేదే చార్టు. సెల్ టవర్ అన్నిటికన్నా ఎత్తు. నీళ్ల ట్యాంకు అందులో సగం. ట్యాంకు ఖాళీ అని మాత్రం రాయకూడదు! ఒక్కదాన్నే నవ్వుకున్నా. పక్కనామె జరిగి కూర్చుంది.

మే 17
అక్క నా పేపర్లు తిరగేసింది. "ఎవురికి ఎక్కువ, ఎవురికి తక్కువ... ఇంతేనా పరీచ్చ?"
ఇంతే. ఎందుకని మాత్రం రాయకూడదు.
"అట్లయితే మా అత్త రాస్తే ఫెయిలే."

మే 20
సారు ఫోన్. "ఇప్పుడు దారిలోకొచ్చావు." అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నా.

మే 24
విజయవాడ. పరీక్ష అయింది. చార్టు — బడికి, కాలేజీకి పోయే పిల్లలు, ఆడ, మగ, తరగతుల వారీగా. ఏడో తరగతి దాటగానే ఆడపిల్లల బార్ ఒక్కసారిగా పడింది. ఎందుకని రాయబోయి ఆగా. కాసేపటికి "బాగా తగ్గింది" అని రాసి పక్క బార్‌కు పోయా. బాగానే రాశా. నమ్మకంగా ఉంది.

మే 25
అక్కడ రాయనిది ఇక్కడ రాస్తా.
అక్క ఏడు పాసైన ఎండాకాలం అమ్మ పోయింది. నాయన పలకల గనికి పోవాలి. అప్పుడు నాకు రెండేళ్లు, ఎత్తుకునేవాళ్లు కావాలి. అందుకు తగ్గింది.
అక్క ఈ మాట ఎన్నడూ అనలేదు. లెక్కల్లో క్లాసు ఫస్టంట — అది కూడా నాయన చెబితేనే తెలిసింది. అక్కంటే నాకు ప్రాణం. నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

జూన్ 2
రిజల్టు రాలేదు. పరీక్షలో ఏమొచ్చిందని అక్క అడిగింది. చెప్పా. గంపలో మిరపకాయలన్నిటికీ తొడిమలు తీసి, అప్పుడు అడిగింది.
"ఆ ఆడపిల్లోళ్లు... చివరిదాకా కిందనే ఉండారా?"
లేదక్కా. కాలేజీ కాడ మళ్లీ కొంచెం లేచినారు.
"లేచినారా! ఆ సంగతి రాసినావా, వదిలిపెట్టినావా?"
రాశాననే అనుకుంటున్నా... రాశానా?