ఓడైపోయిన తాతయ్య బండి

దులూత్, సెప్టెంబరు 8, సోమవారం

అమ్మా, నేను కులాసా. ఈ ఉదయం తాతయ్య బండికి గేరు వేస్తే ఇంజను హోరెత్తింది గానీ చక్రం కదల్లేదు. బళ్లు ఓడలవుతాయంటారే, నెత్తిన చెల్లి పడవతో పొగమంచులో అలాగే తేలుతూ ఉండిపోయింది. నిన్న గేరు నూనె మార్చింది నేనే. నేను అద్దెకుంటున్న ఇల్లుగలావిడ ఇర్మా ఒకటే నవ్వు: "ఇంజను ఆపి కొలిచావు కదూ, పుస్తకాల పురుగా! తిరుగుతుండగా కొలవాలే పిల్లా. నూనె చాల్లేదేమో!" అంతే అయితే బాగుండును. పాత నూనె మురికే అరిగిన గేరు పలకలకు పట్టునిచ్చి ఇన్నాళ్లూ దాన్ని నడిపించిందేమోనని నా దిగులు. బండి రాకపోతే శనివారం చెల్లి ఐనోకి పడవ పందెం లేదు. దానికి ఇప్పుడే చెప్పకు. నా ఊలు మేజోళ్లు కనబడ్డాయా? తాతయ్యకు ముద్దులు. రేపు తెల్లవారగానే ఇంజను వెచ్చబడ్డాక, ఆపకుండా, ఇర్మా దీపం పట్టుకుంటే నూనె కొలిచి పోస్తాను. ఆ తర్వాత మెల్లగా గేరు వేస్తాను.

నీ లెంపి