రాయబారుల పిలుపు

బేరిగై,
బుధవారం.

పవిత్రా,

దీనితో పంపుతున్న కవరు నీదే. నీ పాత చిరునామా కదా అని ఈ ఇంటికే వచ్చింది. వారం రోజులు నా బీరువాలో దాచాను.

మన దేశానికీ నెదర్లాండ్స్‌కూ దౌత్యసంబంధాలు మొదలై డెబ్బై ఐదేళ్లయిందని ఢిల్లీలో వాళ్ల రాయబార కార్యాలయం సభ పెడుతోంది. వాళ్ల గులాబీలు మన నేలకు ఎలా వచ్చాయో నిన్ను చెప్పమన్నారు. బేరిగైలో ఆ మొక్కలు మొదట నాటింది నేను. నా దగ్గర గులాబీ అంట్లు తీసుకెళ్లిన తోడికోడలివి నువ్వు.

"ఏమమ్మా అది, ఢిల్లీ నుంచి వచ్చిండేది?" అని అత్తమ్మ అడిగింది.

"ఏమీ లేదత్తా, కరెంటు కాగితం" అన్నాను.

నిన్న కవరులోని చరిత్ర పుస్తకం చదివాను. సంబంధాలు మొదలైన 1947లోనే, నెదర్లాండ్స్ వాళ్లు ఇండోనేషియా మీద యుద్ధానికి దిగారని మనవాళ్లు వాళ్ల విమానాలను మన మీదుగా ఎగరనివ్వలేదట. అయినా తెగతెంపులు చేసుకోలేదట. నాకు సిగ్గేసింది. అసూయ మాత్రం తగ్గలేదు.

సభ పదో తేదీన. ఇంకా టైముంది, వెళ్లు. బాగా మాట్లాడు. రైలెక్కించడానికి నన్ను హోసూరు స్టేషనుకు పిలవకు. వస్తే ఏడుస్తాను. అది సంతోషమనుకుని అందరూ నన్ను మెచ్చుకుంటారు.

అక్క