మల్లేశన్న తీసుకుపోయిన పెనం

శుక్రవారం, మధ్యాహ్నం

అక్కా,

నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నాను. నువ్వు, బావ, అత్తమ్మ, మన లడ్డుగాడు బాగున్నారని నిన్న ఫోన్లో విన్నదే. అయినా మళ్ళీ అడుగుతున్నాను, బాగున్నారు కదా? అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావకు ఫ్యాక్టరీలో షిఫ్ట్ మార్చారా, లేక ఇంకా నానబెడుతూనే ఉన్నారా? నేను ఇక్కడ బాగున్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, డ్యూటీకి పోతున్నాను. నా గురించి దిగులు పెట్టుకోకు.

రోజూ ఫోన్ చేసేవాడికి ఉత్తరం ఎందుకని అనుకుంటావు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. నేను ఒక మాట అంటే అత్తమ్మ రెండంటుంది, పక్క పోర్షన్ ఒరిస్సా ఆమె కూడా వచ్చి "భయ్యా కైసే హో" అంటుంది. ఇటు చూస్తే గదిలో నలుగురం. ఇలాంటి మాట అందరి ముందు చెప్పేది కాదు. మా క్యాంపులో ఉండే సంగారెడ్డి సలీం భాయ్ సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఇంకో సంగతి, మాట్లాడితే మన భాషే వస్తుంది గానీ పెన్ను పడితే రుద్రారం బడిలో తెలుగు సారు చెవి మెలిపెట్టి నేర్పిన భాషే వస్తుంది. చదివి నవ్వకు.

పోయిన వారం నువ్వు అన్న మాట చెవిలోనే ఉంది. "తమ్మీ, పోరని పుట్టెంటికలకు పంతులు దినం చెప్పిండు. కార్తీకంల బీరంగూడ గుట్ట మీద. పోరనికి మూడో ఏడు ఎల్లిపోతున్నది, ఇగ సాకులు చెప్పకు. మేనమామ ఒళ్ళె కూసుంటేనే కత్తెర వెట్టేది. లేకుంటే నా కొడుకు జడేస్కొని బడికి పోతడు." వెనక నుంచి అత్తమ్మ, "ఇప్పటికే అందరు ఆడపిల్ల అంటున్నరు బిడ్డా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి "చూస్తానక్కా" అన్నాను.

చూడటానికి ఏమీ లేదక్కా. నేను రాలేను. లీవు శాంక్షన్ కాలేదని, పని ఎక్కువగా ఉందని, ఆడిట్ ఉందని నాలుగు నెలలుగా చెప్పినవన్నీ అబద్ధాలు. అమ్మానాన్న లేని మనకు, నీ పుట్టింటి తరఫున ఆ పీట మీద కూర్చోవలసింది నేనొక్కడినే. అది తెలిసీ నీకు అబద్ధం చెప్పాను. ముందుగా దానికి తిట్టు, తర్వాత మిగతాది చదువు.

మొదట ఇక్కడి బతుకు చెప్పాలి. మీరంతా దుబాయ్ అంటారు గానీ ఇది దుబాయ్ కాదు, సౌదీ. మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నా పని. కాజీపల్లిలో చేసిన పనే, మాత్రలు కరిగించి చూడటం, అంకెలు రాయడం. అదే తెల్ల కోటు. పొద్దున బస్సు వచ్చి క్యాంపు నుంచి తీసుకుపోతుంది, సాయంత్రం తెచ్చి క్యాంపులో దించుతుంది. నడుమ బయటి గాలి తగిలేది బస్సు మెట్ల దగ్గరే. ఆ కాస్తలోనే కళ్ళద్దాలు ఉక్కకు మసకబారిపోతాయి. కాజీపల్లిలో సాయంత్రం గాలి మళ్ళి ఫ్యాక్టరీల కంపు కొడితే కిటికీలు మూసుకుని ఈ పాడు ఊళ్ళో ఎవడుంటాడని తిట్టుకునేవాణ్ణి గుర్తుందా? ఇక్కడ కిటికీకి గడియే లేదు, అద్దం పెట్టి బిగించేశారు. ఏ వాసనా రాదు. ఇప్పుడు ఆ కంపు వచ్చినా బాగుండు అనిపిస్తుంది. ఎవరి నోటి దూల వాళ్ళకే తగులుతుందని ఊరికే అనలేదు.

ఇక అసలు సంగతి. ఇక్కడ మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా సెలవు మీద ఇంటికి పోవాలంటే ఇంకొకరు జమానతు సంతకం పెట్టాలి. పోయినవాడు తిరిగి రాకపోతే, సంతకం పెట్టినవాడికి కాంట్రాక్టు ముగిసేదాకా సెలవు లేదు. పాస్‌పోర్టులు వాళ్ళ బీరువాలోనే ఉంటాయి కాబట్టి పేచీ పెట్టడానికీ లేదు. నేను బీరంగూడ మల్లేశన్నకు సంతకం పెట్టాను. ఆయన ముప్పై రోజులకని పోయి ఐదు నెలలైంది. రాలేదు. నా కాంట్రాక్టు ముగియడానికి ఇంకా ఏడాది రెండు నెలలు ఉంది.

మల్లేశన్న పేరు ఫోన్లో చాలాసార్లు విన్నావు. నాకు జొన్నరొట్టెలు చేసి పెడతాడని చెప్పానే, ఆయనే. ఫ్యాక్టరీలో ఫిట్టరు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఇంటి నుంచి పిండితో పాటు ఇనుప పెనం కూడా మోసుకొచ్చాడు. ఇక్కడ దొరికే నున్నటి పెనం మీద జొన్నరొట్టె పొంగదంటాడు. శుక్రవారం పొద్దున చప్పట్లు కొట్టినట్టు రొట్టెలు చరుస్తుంటే పక్క గదుల నుంచి బిహార్ వాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకొచ్చి నిలబడేవాళ్ళు.

నీకు చెప్పని ఇంకో సంగతి ఉంది. నిరుడు నాకు జలుబు చేసిందని పది రోజులు వీడియో కాల్ చేయలేదు చూడు, అది జలుబు కాదు. ఒళ్ళంతా అమ్మవారు పోసింది. గదిలో వాళ్ళు పరుపులు ఎత్తుకుని వేరే గదికి పోయారు. వాళ్ళను తప్పు పట్టను, డ్యూటీ పోతుందని వాళ్ళ భయం వాళ్ళది. మల్లేశన్న మాత్రం తన పరుపు తెచ్చి నా గదిలో వేసుకున్నాడు. "నాకు చిన్నప్పుడే పోసింది తమ్మీ, నన్నేం జేస్తది" అన్నాడు. రోడ్డు పక్కన నాటిన వేపచెట్ల నుంచి మండలు విరుచుకొచ్చాడు. పెరుగన్నం కలిపి పెట్టాడు. తొమ్మిదో రోజు వేపాకు నీళ్ళు పోసి, మన దిక్కు ఎట్లా చేస్తారో అట్లా దండం పెట్టించాడు. నువ్వున్నా అంతకంటే ఎక్కువ చేసేదానివి కాదు. కోపం తెచ్చుకోకు, నిజం చెప్తున్నాను.

అటువంటి మనిషి వచ్చి, "తమ్మీ, ఒక్క సంతకం పెట్టు. ముప్పై దినాలల్ల వస్త. నేనొచ్చినంక నువ్వు పో" అంటే కాదని ఎట్లా అంటాను? మన దిక్కు మనిషి, నాకు అంత చేసినవాడు. పెట్టాను.

ఐదు వారాలు గడిచాయి. ఆఫీసులో కాగితాలు చూసే కేరళ ఆయన నన్ను పిలిచి, "పహలే వో ఆయేగా, ఫిర్ తుమ్ జాయేగా" అన్నాడు. ముందు అతను రావాలి, తర్వాతే నువ్వు అని. ఫోన్ చేస్తే మల్లేశన్న ఎత్తడం లేదు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదక్కా. బావను, బావ దోస్తులను బీరంగూడకు పంపి కాలర్ పట్టుకుని విమానం ఎక్కించాలనుకున్నాను. ఒకసారి నీకు ఫోన్ చేసి చెప్పబోయి, లడ్డుగాడు ఫోన్ లాక్కుని "మామా, ఎప్పుడొస్తవ్" అంటే కాల్ కట్ చేశాను. నెట్ పోయిందని మెసేజ్ పెట్టింది అందుకే.

రెండు నెలలకు ఆయన భార్య నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, గొంతు మల్లేశన్నదే. ఎన్నిసార్లు విన్నానంటే, మొత్తం అట్లాగే రాయగలను. "తమ్మీ, నీకు మొఖం సూపియ్యనీకి నాకు మొఖం లేదు. బిడ్డ నన్ను గుర్తు పట్టలే. పక్కింటి మామ అనుకున్నది. పదిహేను దినాలు నా దగ్గరికి రాలే. ఇప్పుడేమో నేను స్నానానికి పోయినా తలుపు కాడ నిలవడి 'నాన్నా ఉన్నవా' అంటది. ఎట్ల రావాలె చెప్పు? ఈడనే వెల్డింగ్ దుకాణంల పని దొరికింది. నువ్వు తిట్టు, పడ్త. నా తోని మాత్రం కాదు తమ్మీ." అంతే. నడుమ పిల్ల గొంతు వినిపిస్తుంది.

కేరళ ఆయన చెడ్డవాడు కాదు, పోయిన నెల నాకొక దారి చెప్పాడు. తిరిగి రాడన్న సంగతి నాకు తెలియదని, మల్లేశన్న నన్ను మోసం చేసి సంతకం పెట్టించుకున్నాడని నేను రాసిస్తే చాలట. కంపెనీ అతని మీద హైదరాబాద్‌లో కేసు పెట్టి చూసుకుంటుంది, నా సెలవు నాకు ఇస్తుంది. కాగితం కూడా టైపు చేసి ఇచ్చాడు. కింద నా పేరు, సంతకానికి జాగా. మూడు రోజులు తెల్ల కోటు జేబులో పెట్టుకుని తిరిగాను. కార్తీకానికి వచ్చేస్తాను, గుట్ట ఎక్కుతాను, లడ్డుగాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను అని మూడు రోజులు అదే లెక్క.

సంతకం పెట్టలేకపోయానక్కా. అది అబద్ధం కాబట్టి. ఆయన తిరిగి రాడని నాకు ముందే తెలుసు.

ఆయన సంచి సర్దుకునే రోజు నేను పక్కనే ఉన్నాను. బట్టలు పెట్టాడు, బిడ్డకు బొమ్మ పెట్టాడు, చివరకు పెనం తీసి పాత లుంగీలో చుట్టి అడుగున పెట్టాడు. నెల రోజుల కోసం పోయేవాడు రొట్టెల పెనం తీసుకుపోతాడా? నేను పెనం వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. చేతులు ఆగిపోయాయి. "ఏమన్న అంటవా తమ్మీ?" అన్నాడు. అప్పటికి జమానతు కాగితం ఆఫీసులో ఇవ్వలేదు, నా జేబులోనే ఉంది. చింపేస్తే అయిపోయేది. "ఏం లేదన్నా, జల్ది రా" అన్నాను. ఆయన తల దించుకుని జిప్పు లాగాడు. మర్నాడు పొద్దున పోయి ఆ కాగితం నా చేతులతోనే ఆఫీసులో ఇచ్చాను.

ఎందుకిచ్చావని నువ్వు అడుగుతావు. నాకూ సరిగ్గా తెలియదు. వేపమండలు గుర్తొచ్చాయో, ఇద్దరిలో ఒక్కడైనా బయటపడనీ అనిపించిందో. ఆ రోజు పెద్ద ధర్మాత్ముణ్ణి అనుకున్నాను. ఇప్పుడు శుక్రవారం వస్తే ఆ బిగించిన అద్దం ముందు కూర్చుని ఆయన్నీ తిడతాను, నన్నూ తిట్టుకుంటాను. ఊపిరి ఆడదు. ఒక్కోసారి క్యాంపు మెట్ల దాకా పోయి ఊరికే నిలబడి వస్తాను. ఇది నీకు కాక ఎవరికి చెప్పుకోను? చెప్పాను కదా, ఇక తేలికైంది. నాకేమీ కాదు, బాగానే ఉంటాను, దిగులు పడకు.

అయితే ఐదో ఏడు దాకా ఆగుదాం, నువ్వొచ్చినంకనే తీద్దాం అంటావు. నీ సంగతి నాకు తెలుసు. వద్దక్కా. మొదటి ఏడు నేను కొత్తగా వచ్చానని ఆపావు. నేను ఇక్కడ ఆగిపోయాను సరే, వాణ్ణి ఆపకు. జడతో బడికి పోతే పిల్లలు బతకనివ్వరు. పంతులు చెప్పిన రోజునే తీయించు.

మేనమామ లేకపోతే ఆ వరసైనవాళ్ళు కూర్చోవచ్చని అమ్మ అనేది. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ బావా ఒక రోజు బీరంగూడ పోండి. ఊరి కమాను దగ్గర, మల్లేశన్న పనిచేసే వెల్డింగ్ దుకాణం ఏదని అడిగితే చెప్తారు. బావను కాలర్ పట్టుకోవద్దని చెప్పు. బొట్టు పెట్టి పిలువు. నా పేరు చెప్పగానే ఆయన భయపడతాడు, దాక్కున్నా దాక్కుంటాడు. నువ్వే ముందు మాట్లాడు. మా తమ్ముడు తన జాగాలో నిన్ను కూర్చోమన్నాడని చెప్పు. నా సెలవు ఆయన దగ్గరే ఉంది కదా. అందులో ఒక్క పూట నాకోసం ఖర్చు పెట్టమను. లడ్డుగాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, మొదటి కత్తెర పెట్టేదాకా గట్టిగా పట్టుకోమను. వాడు ఏడుస్తాడు. ఆయనకు బిడ్డలను ఊకోబెట్టడం వచ్చు, నన్ను ఊకోబెట్టినవాడే. ఆయన బిడ్డను కూడా తీసుకురమ్మను.

వీడియో కాల్ మాత్రం చేయకు. ఫోటో ఒకటి పంపు చాలు.

అత్తమ్మకు నా దండాలు చెప్పు. ఈ ఉత్తరం మాత్రం చదివి వినిపించకు, రాలేనన్నాడని చెబితే సరిపోతుంది. బావకు నమస్తే. గుట్ట మీద దేవుడికి నా పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టించు. మీ ఆశీర్వాదం ఉంటే ఈ ఏడాది రెండు నెలలు కూడా వెళ్ళిపోతాయి. లడ్డుగాడికి గుండు మీద ఒక ముద్దు.

నీ తమ్ముడు
సతీష్

మరిచాను. సలీం భాయ్ నెలకు తిరిగి వస్తాడు. వస్తాడులే, ఆయనకు జమానతు పెట్టిన పంజాబీ రోజూ ఆయన సంచి విప్పి చూస్తున్నాడు. ఆయన చేతికి చింతకాయ తొక్కు, రెండు కిలోల జొన్నపిండి ఇవ్వు. మల్లేశన్నను అడిగి ఆ పెనం కూడా ఇప్పించు. రొట్టె చేయడం నాకు రాదు. నేర్చుకోవడానికి బోలెడు టైముంది.